కుళాయి బిళ్ళ నుండి గీజరు వరకు

తర్కంలో గాని, రాజకీయాలలో గాని ఎంతటివారితోనైనా వాదింపగల విద్యావంతుడు, ఇంట్లో కుళాయి కారడం మొదలుపెట్టిన నాడు మాత్రం దిక్కు తోచక నిలబడిపోతాడు. ఓం సూత్రాన్ని ముప్ఫై ఏండ్లు పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు తన ఇంటి స్విచ్చు పలకను ఒక్కనాడైనా విప్పి చూచి ఉండకపోవచ్చును. విద్యుత్ప్రవాహం మీద పరీక్షలో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, వసతిగృహంలో హీటరు రాడ్డు బకెట్టులో ఉండగానే నీరు కాగినదో లేదో అని వేలు ముంచి చూస్తాడు. ఈ మూడింటిలో మొదటిది నవ్వు పుట్టించేది, మూడవది ప్రాణం తీసేది. ఇంటి మరమ్మతులలో గృహస్థు తన చేతితో చేసికొనదగినది ఎంత, చేయరానిది ఎంత అన్న ప్రశ్న అందువలన తేలికగా తీసివేయదగినది కాదు.

చిత్రమేమంటే, ఈ ప్రశ్నకు మన దేశపు చట్టం చాలాకాలం క్రిందటనే సమాధానం చెప్పినది. 1956 నాటి భారత విద్యుత్తు నిబంధనలలో 45వ నిబంధన ప్రకారం, విద్యుత్తు అమరికలో కొత్తవి చేర్చడం, ఉన్నవి మార్చడం, మరమ్మతు చేయడం మొదలైన పనులు ప్రభుత్వపు లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారానే జరగవలెను. కాని అందులోనే ఒక మినహాయింపు ఉన్నది. దీపాలు, పంకాలు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంటి వాడుక ఉపకరణాలు, ఇట్టివాటిని తీసి వాటి స్థానంలో వేరొకటి పెట్టుకొనడానికి లైసెన్సు అక్కరలేదు. అయితే ఒక్క షరతు. ఆ మార్పు వలన అమరిక యొక్క సామర్థ్యం గాని, స్వభావం గాని ఏ విధంగాను మారకూడదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ పాతవాటి స్థానే కొత్త నిబంధనలు చేసినప్పుడు కూడ ఈ మినహాయింపు నిలిచినది. 2023లో మరల కొత్తవి వచ్చినా మూలసూత్రం ఇదే.

చట్టాల భాష సాధారణంగా పాఠకుని హృదయాన్ని తాకేది కాదు. ఈ రెండు మాటలు మాత్రం ఎంతో ఆలోచించి కూర్చినట్లున్నవి. చెడిన వస్తువు స్థానంలో దానివంటిదానినే పెట్టడం వేరు, దానికంటె పెద్దదానినో భిన్నమైనదానినో పెట్టడం వేరు. మొదటిది చేతినేర్పు గల ఎవరైనా చేయవచ్చును. రెండవదానికి గోడ వెనుక ఏమున్నదో తెలిసినవాడు కావలెను. కన్నులకు రెండు పనులూ ఒకేవిధంగా కనబడడమే ఇందులోని ప్రమాదం.

నీటి పనితో ప్రారంభించడం మంచిది. అక్కడ పొరపాటు చేస్తే ఇల్లు తడుస్తుంది, అంతే.

పాతకాలపు ఇత్తడి కుళాయి విప్పి చూస్తే అంత సులువైన యంత్రం ఇంకొకటి ఉండదనిపిస్తుంది. పిడికి క్రింద మరచుట్లు గల ఒక కాడ ఉంటుంది. కాడ అడుగున ఒక రబ్బరు బిళ్ళ. పిడిని త్రిప్పగానే కాడ దిగి, ఆ బిళ్ళను నీరు వచ్చే రంధ్రపు అంచు మీద అదిమిపెడుతుంది. కొన్నేండ్లకు రబ్బరు గట్టిపడి, అంచు ముద్ర దాని మీద లోతుగా పడి, నీటికి సందు చిక్కుతుంది. అప్పుడు ఇంటివారు చేసే మొదటి పని పిడిని ఇంకా బలంగా బిగించడం. నాలుగు దినాలు చుక్క ఆగుతుంది. తరువాత బిళ్ళ చీలిపోయి, దానిని పట్టిన లోహం ఇత్తడి అంచునే కొరికివేస్తుంది. చిన్న రబ్బరు ముక్కతో పోయేది కుళాయినే మార్చవలసిన స్థితికి వస్తుంది. కారే కుళాయికి బలం మందు కాదు.

బిళ్ళ మార్చే విధానంలో మూడు నాలుగు మెలకువలు తప్ప రహస్యమేమీ లేదు. ముందుగా మిద్దె మీది తొట్టి నుండి వచ్చే వాల్వును కట్టివేసి, కుళాయి విప్పి గొట్టంలోని నీటిని పోనీయవలెను. పానాతో పై భాగాన్ని విప్పేటప్పుడు రెండవ చేతితో కుళాయి మొండాన్ని కదలకుండ పట్టుకొనవలెను. లేనిచో ఆ త్రిప్పుడు గోడలోని గొట్టానికి పాకి, అక్కడి అతుకు వదలుతుంది. కారే కుళాయి ఒకటి కారే గోడగా మారడం ఇట్లే. పాత బిళ్ళను అంగడికి పట్టుకొనిపోయి సరిగా అదే కొలత గలదానిని తెచ్చుకొనడం వివేకం. బిగించే ముందు అంచు మీద చేరిన ఇసుకను తుడిచి, కాడను పైకి త్రిప్పి ఉంచి, ఆపైన మూత బిగించవలెను. కాడ దిగి ఉండగా బిగిస్తే కొత్త బిళ్ళ పుట్టీపుట్టకముందే నలిగిపోతుంది. పావు చుట్టు త్రిప్పితే చాలునన్న కొత్తరకపు కుళాయిలలో ఈ బిళ్ళే ఉండదు. రెండు పింగాణీ పలకలు ఒకదానిపై నొకటి జారుతూ నీటిని ఆపుతవి. అవి చెడితే ఆ లోపలి భాగమంతటినీ తీసి అదే తయారీదారుది వేరొకటి పెట్టుకొనవలసినదే.

ఒక చుక్కకు ఇంత ప్రయాస ఎందుకని కొందరు అంటారు. దీనికి జవాబు లెక్కల ఉపాధ్యాయుడు చెప్పగలడు. సెకనుకొక చుక్క చొప్పున దినానికి 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకొంటే అది దినానికి ఇరువది యొక్క లీటర్లకు పైమాట, సంవత్సరానికి ఏడువేల ఎనిమిది వందల లీటర్ల పైచిలుకు. పావు మిల్లీలీటరన్న ఊహను నమ్మనక్కరలేదు. ఒక గ్లాసు, ఒక గడియారం పెట్టుకొని విద్యార్థులే చుక్కలు లెక్కించి కొలిచి చూడవచ్చును.

కుళాయి కొనబోయినవానికి ఎదురయ్యే వింత ఒకటి ఉన్నది. దుకాణదారు అరంగుళం కుళాయి అని ఇచ్చినదానిని స్కేలుతో ఎక్కడ కొలిచినా అరంగుళం కనబడదు. దాని మరచుట్ల వెలుపలి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు, అనగా ముప్పాతిక అంగుళానికి పైన. అరంగుళమనేది ఒకనాటి ఇనుప గొట్టం లోపలి సందుకు పెట్టిన పేరు. గొట్టపు మందం మారినది, లోహం మారినది, కడకు లోహం పోయి ప్లాస్టిక్కు వచ్చినది. పేరు మాత్రం మిగిలినది. భాషలో అర్థం మారినా మాట మిగలడం మనకు కొత్త కాదు గనుక దీనికి ఆశ్చర్యపడవలసినది లేదు.

ఆశ్చర్యపడవలసినది వేరొకటి ఉన్నది. ఒక ఊరిలో తయారైన కుళాయి వేరొక రాష్ట్రంలో తయారైన గొట్టానికి తేలికగా పట్టుకొంటుంది. దీనికి కారకుడు మాంచెస్టరులో యంత్రాలు నిర్మించిన జోసెఫ్ విట్వర్త్. ప్రతి కార్ఖానా తనకు తోచినట్లు మరచుట్లు కోసుకొంటున్న కాలంలో, 1841లో ఆయన అందరికీ ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించి, చుట్టు కోణం 55 డిగ్రీలుగా నిర్ణయించినాడు. నేటికిని మన ఇండ్లలోని నీటి గొట్టాల మరలు ఆ కోణాన్నే అనుసరిస్తున్నవి. ఆ మరల సందులలో నీరు చిమ్మకుండ వెనుక జనపనార పీచు చుట్టి తెల్ల రంగు పూసేవారు. ఇప్పుడు ఆ స్థానాన్ని తెల్లని టెఫ్లాన్ టేపు ఆక్రమించినది. ఆ పదార్థాన్ని 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక వస్తువు కోసం ప్రయత్నిస్తూ అనుకొనకుండ కనుగొన్నాడు. టేపును మర బిగిసే దిశలోనే చుట్టవలెను. ఎదురుదిశలో చుట్టినచో బిగించేకొలది ఊడివస్తుంది. కొత్తగా చేయి పెట్టిన నూరుగురిలో ఎక్కువమంది భంగపడేది ఇక్కడనే.

ఈ పనికి సంబంధించిన మాటలను గూర్చి కూడ కొంచెం చెప్పుకొనవలెను. తెలంగాణాలో నల్లా అన్నదానిని ఆంధ్ర ప్రాంతాలలో కుళాయి అంటారు, కొన్నిచోట్ల పంపు అంటారు. తమిళంలో కుళాయి వంటి మాటకు గొట్టమనే అర్థం. మనకు వచ్చేసరికి అది గొట్టం చివరకు జారి, గొట్టం వేరే నిలిచినది. మరమేకు, పట్టుకారు, పానా, బిళ్ళ, చీల వంటి చక్కని మాటలు పనివారి నోళ్ళలో ఇంకా ఉన్నవి. వృత్తులవారి మాటలకు తెలుగులో శాస్త్రీయమైన గౌరవం దొరికినది 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంతో. అది వ్యవసాయ పదాలకు చెందినది. నాగలి భాగాలకు నిఘంటువు ఉన్నట్లు కుళాయి భాగాలకు కూడ ఉండవలెనని కోరడం అత్యాశ కాదు.

ఇంగ్లీషువారి ప్లంబరు అనే మాట మాత్రం సీసం అనే అర్థం గల లాటిను మాట నుండి పుట్టినది. రోమనులు నీటిని సీసపు గొట్టాలలో పారించేవారు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలోనే విట్రూవియస్ అనే రోమను వాస్తుశిల్పి, సీసపు పనివారి పాలిపోయిన ముఖాలను చూపి, మట్టి గొట్టాల నీరే ఆరోగ్యకరమని హెచ్చరించినాడు. రెండువేల సంవత్సరాలు గడిచినవి. సీసపు గొట్టం పోయి పి.వి.సి. గొట్టం వచ్చినది, కాని దానిని గట్టిపరచే దినుసుగా సీసం మరల లోపలికి దూరినది. మన దేశంలో దానిని తొలగించడానికి ప్రత్యేక నియమాలు వచ్చినది 2021లో. విట్రూవియస్ ముందే చెప్పినాడనడంలో తృప్తి ఏమీ లేదు.

ఇక్కడ మన పల్లెల మాట రాక తప్పదు. బావి కాలంలో ప్రతి ఇంటివారికి నీటి సాధనాలు స్వాధీనంలో ఉండేవి. చాంతాడు తెగితే ముడి వేసికొనేవారు, గిలక కీచుమంటే ఇంత నూనె వేసేవారు. తెలంగాణాలో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ, దేశమంతటా 2019లో ప్రకటింపబడిన జల్ జీవన్ మిషన్ కుళాయిని పల్లె వాకిటికి తెచ్చినవి. కుళాయితో పాటు ప్లంబరు రాలేదు. అతడు మండల కేంద్రంలో ఉంటాడు, చిన్న బిళ్ళ కోసం అంత దూరం రాడు. అందుచేత ఆ కుళాయి కారుతూనో, గుడ్డపీలికతో కట్టబడియో ఉండిపోతుంది. 1937లో గాంధీజీ వార్ధాలో చేతిపనిని చదువుకు మూలం చేయవలెనన్నప్పుడు రాట్నం అందరి కన్నుల ముందు ఉండేది. నేటి పాఠశాలలో బల్ల మీద పెట్టవలసినది పనికిరాక తీసివేసిన ఒక ఇత్తడి కుళాయి. అది విప్పి మరల బిగించిన పిల్లవానికి ద్రవపీడనం, మర, రాపిడి అనే మూడు పాఠాలు ఒక్క గంటలో చేతికి వస్తవి. దానికి ప్రయోగశాల అక్కరలేదు.

విద్యుత్తు దగ్గరకు వచ్చేసరికి ఈ చనువు పనికిరాదు.

బల్బు మార్చడమే తీసికొందాము. స్విచ్చు ఆపితే చాలునని అందరి నమ్మకం. స్విచ్చు ఉండవలసినది ఫేజు తీగ మీద. అజాగ్రత్త గల పనివాడు దానిని న్యూట్రల్ తీగ మీద పెట్టి ఉంటే, స్విచ్చు ఆపినప్పుడు దీపం ఆరుతుంది గాని హోల్డరులో ఫేజు అట్లే ఉంటుంది. ఆరిన దీపం విద్యుత్తు లేదనడానికి సాక్ష్యం కాదు. అందువలన ఏ చిన్న పనికైనా మెయిన్ స్విచ్చు ఆపి, ఆపైన టెస్టరు పెట్టి చూడవలెను. ఆ టెస్టరును కూడ ముందుగా విద్యుత్తు తప్పక ఉన్నచోట పెట్టి, వెలుగుతున్నదని నిశ్చయించుకొనవలెను. చెడిపోయిన టెస్టరు కూడ వెలగదు కదా!

పంకా మెల్లగా తిరుగుతున్నదంటే చాలాసార్లు దోషం దాని కండెన్సరుది. దాని మీద 2.5 మైక్రోఫారడ్లని ఉంటే 2.5 గలదే తెచ్చి పెట్టవలెను. ఎక్కువది పెడితే జోరుగా తిరుగుతుందని కొందరు ఆశపడతారు. తిరుగుతుంది, చుట్టలు వేడెక్కుతవి, కొంతకాలానికి పంకాయే పోతుంది. సామర్థ్యం మారకూడదన్న మాటకు ఇంతకంటె చిన్న ఉదాహరణ దొరకదు. విప్పే ముందు పిడికి రబ్బరు తొడుగు గల స్క్రూడ్రైవరుతో దాని రెండు కొనలను కలిపి, మిగిలిన విద్యుత్తును పోగొట్టడం మరువరాదు. ఇక స్వభావం సంగతి. డెబ్బది అయిదు వాట్ల పాత పంకా తీసి, ముప్ఫై వాట్ల చిల్లరకు తిరిగే కొత్త బి.ఎల్.డి.సి. పంకా పెట్టుకొంటే భారం తగ్గినదే గాని పెరగలేదు. అయినను గోడ మీది పాత రెగ్యులేటరు దానికి పనికిరాదు, దానిని తొలగించవలెను. వేగాన్ని అది తన లోపలి ఎలక్ట్రానిక్ అమరికతోనే మార్చుకొంటుంది. రూపం ఒక్కటే, స్వభావం వేరు.

గీజరు విషయంలో ఈ రెండు మాటలకు ప్రాణంతో సంబంధం ఏర్పడుతుంది.

ఒక తరం క్రిందట అనేక తెలుగు ఇండ్ల పెరటిలో రాగి బాయిలరు ఉండేది. నడుమ పొగగొట్టం, అందులో బొగ్గులో కొబ్బరిచిప్పలో నిప్పులు, చుట్టూ నీరు. చింతపండుతో తోమిన ఆ రాగి మెరుపు ఇంటి ఇల్లాలి నేర్పుకు గుర్తు. దాని వలన చేయి కాలవచ్చును గాని అది ఎవరినీ కనబడకుండ చంపేది కాదు. దాని స్థానంలో వచ్చినదాని పేరు వినడానికి సొగసుగా ఉన్నది. ఐస్‌లండ్ దేశంలో భూమి నుండి పైకి చిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరు గీసిర్. ఇంగ్లీషువారు దానిని నీటి బుగ్గలన్నింటికి జాతివాచకం చేసి, ఆ తరువాత స్నానాల గదిలోని యంత్రానికి తగిలించినారు. ఉత్తర ధ్రువం చెంతనున్న ఒక బుగ్గ గుంటూరు స్నానాల గదికి వచ్చిన దారి ఇది.

ఇంట్లో 2,000 వాట్ల గీజరు ఉన్నదనుకొందాము. మన ఇండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. భాగించి చూస్తే అది లాగే ప్రవాహం 8.7 ఆంపియర్లు. చిన్న సాకెట్టు మోయగలిగినది 6 ఆంపియర్లు మాత్రమే గనుక గీజరుకు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు ఉండవలెను. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టులో దూర్చడానికి అంగళ్ళలో అమ్మే అడ్డదారి సాధనాలు ఈ లెక్క తెలియనివారి కోసం పుట్టినవి. ఇప్పుడు పాత గీజరు చెడినది. అంగడిలో 3,000 వాట్లది, క్షణంలో నీరు కాచేది, చిన్నదిగా ముచ్చటగా కనబడినది. ప్లగ్గు అదే సాకెట్టులో చక్కగా పట్టినది. అంతా సరిగా ఉన్నట్లే. కాని ప్రవాహం 8.7 నుండి 13 ఆంపియర్లకు పెరిగినది, అనగా ఒకటిన్నర రెట్లు. తీగలో పుట్టే వేడి ప్రవాహానికి కాక ప్రవాహపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది గనుక గోడలోని తీగ రెండుంబావు రెట్లు వేడెక్కుతుంది. ఈ సూత్రాన్ని జేమ్స్ జౌల్ ప్రకటించినది 1841లోనే. విట్వర్త్ మరలకు కొలత ఏర్పరచిన సంవత్సరం అదే, జౌల్ కూడ మాంచెస్టరు ప్రాంతపువాడే! పదవ తరగతి పిల్లలు ఆ సూత్రాన్ని కంఠస్థం చేస్తారు. వారి ఇంటి గోడలోని తీగ దానిని ప్రతి ఉదయం ఆచరిస్తుంది. ఆ తీగ మందమెంతో, ఎన్నేండ్ల క్రిందటిదో తెలియకుండ వాట్లు పెంచడం సామర్థ్యాన్ని మార్చడమే. అది లైసెన్సు గలవాని పని.

రెండువేల వాట్లదాని స్థానంలో రెండువేల వాట్లదానినే పెట్టదలచినవాడు తానే పెట్టుకొనవచ్చును. పదిహేను లీటర్ల గీజరులో నీటి బరువే పదిహేను కిలోలు గనుక గోడలోని బోల్టులు గట్టివై ఉండవలెను. చల్లని నీరు వచ్చే నోటికి నీలి గుర్తు, వేడినీరు పోయే నోటికి ఎర్ర గుర్తు ఉంటవి. తొట్టి నిండి వేడినీటి కుళాయి నుండి ధార వచ్చిన తరువాతనే స్విచ్చు వేయవలెను. ఖాళీ గీజరుకు విద్యుత్తు ఇస్తే లోపలి కమ్మీ మాడిపోతుంది. నీరు కాగేటప్పుడు రక్షక వాల్వు నుండి నాలుగు చుక్కలు పడడం సహజం. వేడికి నీరు వ్యాకోచించడమే దానికి కారణం. అది కారుతున్నదని బిరడా కొట్టినవాడు స్నానాల గదిలో బాంబు పెట్టుకొన్నట్లే. బోరు నీరు ఉప్పనైన ప్రాంతాలలో కమ్మీకి సున్నం పేరుకొంటుంది. తొట్టి తుప్పు పట్టకుండ తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. దానిని సంవత్సరానికో రెండు సంవత్సరాలకో చూపించుకొనవలెను.

ఇంతకూ అసలు ప్రాణరక్షకం మూడవ తీగ. మూడు కాళ్ళ ప్లగ్గులో ఒక కాలు తక్కినవాటికంటె పొడుగు, లావు. సాకెట్టులో అన్నిటికంటె ముందు తగిలేది, తీసేటప్పుడు అన్నిటికంటె కడపట విడిచేది అదే కావలెనని అట్లు చేసినారు. అది గీజరు లోహపు తొడుగును భూమితో కలుపుతుంది. లోపల ఫేజు తీగ చెడి తొడుగును తాకితే ప్రవాహం ఆ మార్గాన ఉప్పెనగా పోయి ఫ్యూజు కాలుతుంది, విద్యుత్తు ఆగుతుంది. ఆ తీగ లేనినాడు భూమికి మార్గం తడి కాళ్ళతో నిలుచున్న మనిషి.

పాత ఇండ్లు అనేకంలో సాకెట్టుకు మూడవ రంధ్రం ఉంటుంది, దాని వెనుక ఏమీ ఉండదు. అది కేవలం అలంకారం. అంతకంటె ఘోరం ఇంకొకటి ఉన్నది. ఎర్తు తీగ లాగడానికి బద్ధకించి, సాకెట్టులోపలనే న్యూట్రల్‌ను ఎర్తు రంధ్రానికి కలిపివేయడం. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళు అది తెలియదు. ఎక్కడో న్యూట్రల్ తెగిన నాడు, ఏ దోషమూ లేని గీజరు కూడ పైనుండి క్రిందిదాకా విద్యుత్తుతో నిండుతుంది. కొత్త గీజరు కొన్నవాడు దాని రంగును, నక్షత్రాల గుర్తును చూచినంత శ్రద్ధగా ఈ మూడవ రంధ్రం వెనుక ఏమున్నదని అడుగుట అరుదు. లైసెన్సు గల మేస్త్రీని పిలిచి ఎర్తు పరీక్ష చేయించనిదే కొత్త గీజరును తాకరాదు.

ఫ్యూజు ఉన్నది కదా అనేవారికి ఒక లెక్క చాలును. గీజరు తీగకు పెట్టిన 16 ఆంపియర్ల ఎం.సి.బి., ప్రవాహం ఆ మేర దాటినగాని కదలదు. మనిషి గుండెకు హాని చేయడానికి ఆంపియరులో వెయ్యవవంతులు ముప్ఫై నలుబది చాలును. తేడా నాలుగైదు వందల రెట్లు. ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే వేరొక పెట్టె. ఫేజులో పోయిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన ప్రవాహం సమానంగా ఉన్నవా అని అది నిరంతరం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తప్పుదారిన పోయినవంటే, అది ఎవరి శరీరం గుండానో పోతుండవచ్చును గనుక, రెప్పపాటులో విద్యుత్తును తెంచివేస్తుంది. దానిని అమర్చడం అమరిక స్వభావాన్నే మార్చే పని, కావున గృహస్థుది కాదు. అయితే దాని మీద టి అనే ఆంగ్లాక్షరం గల చిన్న మీట ఉంటుంది. దానిని అప్పుడప్పుడు నొక్కి చూడడం గృహస్థుని పనే, ఇంట్లోని పెద్దపిల్లలకు నేర్పదగిన పనే. నొక్కగానే టప్పున శబ్దమై విద్యుత్తు పోవలెను. పోలేదంటే ఆ పెట్టె నిద్రపోతున్నదన్నమాట. ఆ దినానికి స్నానం పొయ్యి మీది కాగు నీళ్ళతో కానిచ్చి, మేస్త్రీకి కబురు పంపవలెను.